ఆ 140 పేపర్లలో దోమలు పట్టిందెవరు?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆగస్టు 20, ప్రపంచ దోమల దినం నాడు మీ పత్రికలో ఒక శాస్త్రవేత్త గురించి అరపేజీ వ్యాసం వేశారు. దోమల వల్ల వచ్చే జబ్బుల మీద ముప్పై ఏళ్లుగా పరిశోధన చేస్తున్నాయన. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అసలు పరిచయమే లేదు. ఫిర్యాదల్లా వ్యాసం మీదే. అరపేజీ చదివాక ఆయన పని గురించి నాకు మిగిలినవి రెండు అంకెలు: 140 పరిశోధన పేపర్లు, 38 హెచ్-ఇండెక్స్. ఏ జబ్బు మీద పనిచేశారు, ఏ దోమ మీద పనిచేశారు, ఆయన రాకముందు తెలియనిది ఏం తెలిసింది అన్న చోట "విశేష కృషి" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. మా మనవడు పక్కనుంచి చూసి, "తాతయ్యా, 140 అంటే ఎక్కువా, తక్కువా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ ప్రశ్న వల్లనే ఈ ఉత్తరం ఇంత పొడుగు వచ్చింది. కత్తిరించుకునే స్వేచ్ఛ మీది.

నేను ఫైలేరియా (బోదకాలు) విభాగంలో ఇన్‌సెక్ట్ కలెక్టర్‌గా చేరి, 31 ఏళ్లు అదే పని చేసి రిటైరయ్యాను. కొత్తగా పరిచయమైనవాళ్లు "కలెక్టర్" అన్న మాట విని లేచి నిలబడబోతారు, ముందున్న మాట కూడా వినగానే మళ్లీ కూర్చుంటారు. నా పేరు ఏ పేపర్లోనూ లేదు. నేను పట్టిన దోమలు మాత్రం చాలా పేపర్లలో ఉన్నాయి.

ముందు ఆ 38 సంగతి. "38 పాయింట్లు సాధించారు" అని రాశారు. చదివినవాళ్లు నూటికి 38 అనుకుంటారు, బొటాబొటి పాసు కింద లెక్క. అది మార్కు కాదండీ. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో పెట్టిన లెక్క అది. ఒకాయన రాసిన పేపర్లలో 38 పేపర్లను ఒక్కోదాన్ని కనీసం 38 సార్లు వేరే పేపర్లు ఉదహరించి ఉంటే ఆయన హెచ్-ఇండెక్స్ 38. ఈ అంకె పెరగడమే గానీ తరగడం ఉండదు. మనిషి పని మానేసి ఇంట్లో కూర్చున్నా పెరగొచ్చు. పైగా మలేరియా మీద పనిచేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి మలేరియా పేపర్‌ను ఉదహరించేవాళ్లూ ఎక్కువే. అదే 1957లో ఇప్పటి కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో కోతులు చచ్చిపడుతుంటే బయటపడిన క్యాసనూర్ అటవీ జ్వరం ఉంది చూడండి, పిడుదుల వల్ల వచ్చేది, దాని మీద జీవితమంతా పనిచేసినాయన్ను ఉదహరించేదెవరు? ఆ జబ్బు చూసే కొద్దిమందే. ఈ ఇద్దరి అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. ఇదంతా నా సొంత తెలివి కాదు, ఒక రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆ అమ్మాయి సంగతి తర్వాత వస్తుంది.

ఇప్పుడు నాకు సొంతంగా తెలిసింది చెప్తాను. దోమల మీద పేపర్ ఎక్కడ మొదలవుతుందో మీ విలేకరికి తెలిసుంటే ఆ వ్యాసం ఇంకోలా ఉండేదనిపించింది.

రాత్రి రక్తం తాగిన దోమ పొద్దున్నకల్లా బరువెక్కి ఎక్కువ దూరం ఎగరలేదు. మంచం కింద, వేలాడేసిన బట్టల వెనక, గోడకున్న ఫోటోల వెనక చీకటి చూసుకుని కూర్చుంటుంది. ఆరింటికల్లా మేం అక్కడుండాలి. చేతిలో టార్చి, ఒక గాజు గొట్టం, దానికి తగిలించిన రబ్బరు గొట్టం. రబ్బరు గొట్టం రెండో కొన మా నోట్లో. టార్చి వెలుగు తిన్నగా దోమ మీద పడకూడదు, పక్కనుంచి పడాలి, లేకపోతే లేచిపోతుంది. గాజు గొట్టం నెమ్మదిగా దాని మీదికి తెచ్చి చిన్నగా లోపలికి పీల్చాలి. గట్టిగా పీలిస్తే కాళ్లూ రెక్కలూ ఊడతాయి, అప్పుడది ఏ జాతో చెప్పడం కష్టం. తర్వాత టెస్ట్ ట్యూబులోకి ఊది దూది పెట్టాలి. రెండు గొట్టాల మధ్య సన్న జాలీ ముక్క ఉంటుంది, దోమ నోట్లోకి రాకుండా. చేరిన కొత్తలో ఒక పొద్దున నా జాలీ ఊడిపోయింది, నేను చూసుకోలేదు. మా సీనియర్ నవ్వు ఆపుకుని, "రిజిస్టర్లో రాయి, పట్టినవి 11, మింగింది 1" అన్నారు. ఆయన పేరు ఇక్కడ రాద్దామనే ఉంది. ఆయన లేరు, వాళ్ల ఇంట్లో వాళ్లను అడగలేదు, అందుకే రాయడం లేదు.

ట్యూబుల్ని తడిగుడ్డలో చుట్టి ల్యాబుకు తెస్తాం. ఆడవెన్ని, మగవెన్ని, ఆడవాటిలో అప్పుడే రక్తం తాగినవెన్ని, సగం గుడ్లతో ఉన్నవెన్ని, నిండు గుడ్లతో ఉన్నవెన్ని అని వేరుచేస్తాం. తర్వాత సెలైన్ చుక్కలో పెట్టి కోత. రెక్కలూ కాళ్లూ తీసేసి తల, ఛాతీ, పొట్ట మూడూ విడదీయాలి, మైక్రోస్కోప్ కింద రెండు సూదులతో. ఫైలేరియా పురుగు పిల్ల దోమ ఛాతీ కండరాల్లో పెరిగి, సుమారు పది నుంచి పద్నాలుగు రోజులకు కుట్టే ముక్కు దగ్గరికి వస్తుంది. దోమ దోమకూ ఏమీ కనిపించదు. మెడ పట్టేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ చుక్కలో సన్న వెంట్రుక లాంటిది మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. పక్క బల్ల మీదివాళ్లు కూడా లేచొచ్చి చూస్తారు. ఎంతకాలం చేసినా ఆ క్షణం పాతబడలేదు నాకు.

రాత్రి డ్యూటీ ఇంకో రకం. బోదకాలు పురుగు పిల్లలు పగలు రక్తంలో పెద్దగా దొరకవు, రాత్రి బయటికొస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. అందుకని రాత్రి ఎనిమిదిన్నర దాటాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా తలుపులు కొట్టి, నిద్రపోయేవాళ్లను లేపి, వేలిమీద పొడిచి 20 క్యూబిక్ మిల్లీమీటర్ల రక్తం తీసుకునేవాళ్లం. ఒంట్లో ఏమీ లేని మనిషిని నిద్రలేపి రక్తం అడిగితే ఏమంటారో మీరే ఊహించుకోండి.

ఇంతకీ అసలు విషయం రిజిస్టరు. పట్టిన దోమల సంఖ్య ఊరికే వేస్తే ఉపయోగం లేదు. ఎంతమంది, ఎంతసేపు వెతికితే అన్ని దొరికాయన్నది ముఖ్యం. అందుకని "గంటకు మనిషికి ఎన్ని" అని లెక్క కడతారు. ముగ్గురు మనుషులు రెండేసి గంటలు వెతికితే ఆరు మనిషి-గంటలు. 72 దొరికితే 12.

నేను రిటైరయ్యాక ఆ రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి మా ఇంటికొచ్చింది. పాత రిజిస్టర్ల కోసం ఆఫీసుకెళ్తే చెదలు తినగా మిగిలినవి చూపించారట. "మీరు సొంతంగా నోట్సు పెట్టుకునేవారట కదా సార్" అంది. పెట్టుకున్న మాట నిజమే. తాను చదువుతున్న ఒక పేపర్ ప్రింటు కూడా తెచ్చింది. చూస్తే అది మా పనే. మేం ముగ్గురం రెండేళ్లు, పదిహేను రోజులకోసారి, గుర్తుపెట్టిన అవే ఇళ్లలో పట్టిన దోమల లెక్క. ఒక సంస్థ పరిశోధకుడొకాయన మా ఆఫీసు నుంచి లెక్కలు తీసుకెళ్లారని తెలుసు గానీ అది పేపరైందని అప్పటిదాకా తెలియదు. పైన ఏడు పేర్లున్నాయి. చివర్న చిన్న అక్షరాల్లో "క్షేత్ర సిబ్బంది సహకారానికి ధన్యవాదాలు" అని ఉంది. ఆ సిబ్బందిలో ముగ్గురిలో ఒకణ్ని నేను, అప్పటికి మిగిలిందీ నేనే.

మనసు చివుక్కుమన్న మాట నిజం. అయితే ఆ అమ్మాయి వేలు పెట్టింది పేర్ల మీద కాదు, ఒక గ్రాఫ్ మీద. నిమ్మళంగా నడుస్తున్న గీత ఒక్కచోట గభాలున కిందికి దిగింది. ఒక విడత 12, తర్వాతి విడత 8, మళ్లీ ఆపై విడత మామూలే. "ఆ సమయంలో కురిసిన భారీ వర్షాల వల్ల దోమల సాంద్రత మూడోవంతు తగ్గింది" అని కింద వివరణ. "నిజంగా అంత వాన పడిందా సార్?" అంది.

వాన పడింది. అందులో అబద్ధం లేదు. గట్టి వానకు మురుగుకాలవలు పొంగితే క్యూలెక్స్ పిల్లలు కొట్టుకుపోతాయన్నదీ నిజమే. అన్నీ నమ్మేలా ఉన్నాయి కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. లోపలికెళ్లి నా నోట్సు తీసి ఆ తేదీ వెతికాను. పట్టినవి 48. పక్కన మార్జిన్లో నా చేత్తోనే, పెన్సిలుతో, "ఇద్దరమే. ఆయనకు జ్వరం" అని ఉంది.

ముగ్గురిలో ఒకరు ఆ పూట రాలేదు. ఇద్దరం రెండేసి గంటలు వెతికితే నాలుగు మనిషి-గంటలు. 48ని నాలుగుతో భాగిస్తే 12. పేపర్లో మామూలుగా ఆరుతో భాగించారు, 8 వచ్చింది. దోమలేం తగ్గలేదండీ. తగ్గింది మనిషి. గ్రాఫ్‌లో ఆ గొయ్యి మా వాడి జ్వరం.

ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పేజీ ఫోటో తీసుకుని పేపర్ రాసినాయనకు మెయిల్ పెట్టింది. నేనైతే జవాబు రాదనుకున్నాను. నాలుగు రోజులకు ఆయనే నాకు ఫోన్ చేశారు. "ఆ మార్జిన్ నా దాకా రాలేదండీ, టైపు చేసిన పట్టిక మాత్రమే వచ్చింది. నేను కూడా అడిగి ఉండాల్సింది" అన్నారు. మా రెండేళ్ల పొద్దుల గురించి చాలాసేపు అడిగారు. కొన్నాళ్లకు ఆ జర్నల్లో రెండు వాక్యాల సవరణ వచ్చింది: ఫలానా గ్రాఫ్‌లో ఫలానా విడత లెక్క తప్పు, సరైన సంఖ్య ఇది, వానల గురించి రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాం అని.

ఇప్పుడు మీ వ్యాసం పద్ధతిలో చూడండి. తప్పు గ్రాఫ్ ఉన్న ఆ పేపర్ ఆయన లిస్టులో ఒకటి. దాన్ని ఉదహరించిన ప్రతిసారీ ఆయన ఖాతాలో మరొకటి పడుతుంది, తప్పును నమ్మి ఉదహరించినా సరే. తన తప్పు తనే అచ్చులో ఒప్పుకున్న ఆ రెండు వాక్యాలకు లెక్కలో విలువ సున్నా. నన్నడిగితే ఆయన జాబితాలో నేను ముందు చదివేది ఆ రెండు వాక్యాలే.

మార్జిన్లు ఎగిరిపోవడం ఈ రంగంలో మొదట్నుంచీ ఉన్నదే. దోమల దినం అని మీరు జరిపే ఆ ఆగస్టు 20నే తీసుకోండి. 1897లో ఆ రోజున సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టను కోసి గోడలో నల్లని రంగు గింజలున్న కణాలు చూశారు. మలేరియా పురుగు దోమలో పెరుగుతుందనడానికి మొదటి ఆధారం అది. ఆ డిసెంబర్ 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆ పేపర్ శీర్షికలోనే ఎన్ని దోమలో ఉంది. రెండు! ఏ జాతో శాస్త్రీయ నామం లేదు, ఎందుకంటే ఆయనకు దోమల జాతులు తెలియవు. గోధుమరంగువి, బూడిదరంగువి, రెక్కల మీద మచ్చలున్నవి అని గుర్తుపెట్టుకునేవారు. మా ల్యాబులో అలా రాస్తే మా సీనియర్ రిజిస్టరు మొహాన కొట్టేవారు. అయినా ఆ రెండు దోమల పేపర్ లేకపోతే మిగతా కథ లేదు.

ఆ దోమలకు రక్తమిచ్చింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి. ఆగస్టు 16న దోమతెర లోపల పడుకోబెట్టి కుట్టించారు, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. తర్వాత రాస్‌కు బదిలీలయ్యాయి, మనుషుల మలేరియా మీద పని సాగక కలకత్తాలో పిచ్చుకల మలేరియా పట్టుకుని 1898లో దోమలో పురుగు తిరిగే దారంతా తేల్చారు. అక్కడ ఆయనకు సాయంగా కిశోరీ మోహన్ బందోపాధ్యాయ్ ఉన్నారు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ అనే శాస్త్రవేత్త బృందం మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమతో రుజువు చేసింది. 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కరికే వచ్చింది. ముందు ఎవరు అచ్చేశారన్న తగాదా వాళ్లిద్దరి మధ్య బతికినంత కాలం నడిచింది. పేపర్ తేదీల మీద ఆ కాలంలోనే అంత పట్టింపు ఉండేది.

మా ఫైలేరియాకైతే ఇంకా పాత కథ. 1877లో చైనాలోని అమోయ్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు, ఒంట్లో ఫైలేరియా ఉన్న హిన్ లో అనే తన తోటమాలిని దోమలు వదిలిన గదిలో పడుకోబెట్టి, పొద్దున్నే రక్తం తాగిన దోమల్ని పట్టి కోశారు. పురుగు దోమలో పెరుగుతోందని చూసిన మొదటి మనిషి ఆయన. అదే మాన్సన్ ఆ దోమ నీళ్లలో చచ్చిపోతే పురుగు నీళ్లలోకి పోతుందని, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందని నమ్మారు. పురుగు దోమ ముక్కులోనే కూర్చుని ఉంటుందని 1900లో జార్జ్ కార్మైకేల్ లో అనే డాక్టరు చూపించేదాకా ఆ పొరపాటు పూర్తిగా పోలేదు. అంత గొప్పాయన పేపర్లలోనూ సగం ఒప్పు, సగం తప్పు. లిస్టును లెక్కపెట్టేవాడికి ఆ రెండు సగాలూ ఒకేలా కనిపిస్తాయి.

అదే 1900లో క్యూబాలో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) మీద పనిచేసిన వాల్టర్ రీడ్ బృందంలో జెస్సీ లాజియర్ అనే డాక్టరుండేవారు. దోమ కుట్టి, సెప్టెంబర్ 25న అదే జ్వరంతో పోయారు. వాళ్ల మొదటి పేపర్ అక్టోబర్‌లో వచ్చింది, ఆయన పేరుతో కలిపి. అది కూడా లిస్టులో ఒకటే.

ఇక పేర్లు ఏ వరసలో ఉన్నాయన్నది కూడా తెలిసి చదవాలి. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. డి.ఇ.సి. అని మేం పిలిచే ఫైలేరియా మందు ఆయన నడిపిన ల్యాబులోంచి వచ్చింది. 1947లో ఆ మందును ఎలుకల్లో, కుక్కల్లో పరీక్షించిన పేపర్ చూస్తే ఆయన పేరు అందరికన్నా చివర్న ఉంటుంది. తెలియనివాళ్లు ఏదో చిన్న సాయం చేశారనుకుంటారు. మామూలుగా మొదటి పేరు చేతులతో పనిచేసినవాళ్లది, చివరి పేరు పని నడిపించిన పెద్దది. మధ్య పేర్లలో చెమటోడ్చినవాళ్లుంటారు, ఊరికే ఎక్కినవాళ్లూ ఉంటారు, బయటివాళ్లకు తేడా తెలియదు. 140లో మీరు రాసిన శాస్త్రవేత్త మొదట ఎన్నిట్లో ఉన్నారు, చివర ఎన్నిట్లో ఉన్నారు, మధ్యలో ఎన్నిట్లో ఉన్నారు అని మీ విలేకరి ఒక్క మాట అడిగి ఉంటే సగం పని అయ్యేది. అన్నట్టు ఆ డి.ఇ.సి. బిళ్ల నేను ఎన్ని చేతుల్లో పెట్టానో లెక్కలేదు. ఒక తెలుగాయన ల్యాబు నుంచి వచ్చిందని చెప్తే, "అయితే మీరే ముందు వేసుకోండి" అని నా చేతే మింగించిన ముసలమ్మ ఒకావిడ గుర్తొస్తుంది.

చైనాలో తు యూయూ కథ తెలిసిందే. మలేరియా మందు ఆర్టెమిసినిన్ గురించి 1977లో మొదటిసారి అచ్చయిన పేపర్ మీద ఎవరి పేరూ లేదు, పరిశోధన బృందం అని మాత్రమే ఉంది. ఆమెకు పీహెచ్‌డీ లేదు. 2015లో నోబెల్ ఇచ్చారు. మధ్యలో ఏ పత్రికైనా ఆమె హెచ్-ఇండెక్స్ అడిగి ఉంటే ఏమని రాసేవారో.

పేపర్‌కు విలువ ఎప్పుడు తెలుస్తుందో కూడా చెప్పలేం. 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు ఒక దోమలో సూక్ష్మజీవిని చూసి రాసిపెట్టారు. నేను జీవితమంతా పట్టిన క్యూలెక్స్‌కు దగ్గర చుట్టం ఆ దోమ. ఆ జీవికి వోల్బాకియా అని పేరు పెట్టడానికే ఇంకో పన్నెండేళ్లు పట్టింది. చాలాకాలం అది దోమల వాళ్లకే పరిమితమైన ముచ్చట. ఆ జీవిని డెంగీ మోసే ఈడిస్ దోమల్లోకి ఎక్కించి ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వదిలితే డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలొచ్చాయి. 97 ఏళ్లు. ఆ ఇద్దరికీ ప్రమోషన్ ఇంటర్వ్యూలో దీని వల్ల ఏం లాభం ఉండి ఉంటుంది?

నాకు పేపర్ మీద పేరు కావాలని అడుగుతున్నానని అనుకోవద్దు. రాయడంలో పాలుపంచుకుని, చివరి ప్రతి చూసి ఒప్పుకుని, రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పేవాళ్లకే రచయితగా పేరుండాలని వైద్య పత్రికలవాళ్ల నియమం. అది సరైనదే. నేను రాయలేదు, జవాబు చెప్పలేను. కాకపోతే ధన్యవాదాల్లో "క్షేత్ర సిబ్బంది" అన్న రెండు మాటల చోట మూడు పేర్లు పట్టవా? పేర్లు రాస్తే ఎప్పుడైనా ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి, ఆ పూట ఎంతమంది వెళ్లారని అడగొచ్చు. మా విషయంలో ఆ అమ్మాయికి నా అడ్రసు దొరకడం కేవలం అదృష్టం. ఈమధ్య కొన్ని జర్నళ్లలో ఎవరు ఏ పని చేశారో 14 రకాల పనుల కింద విడదీసి రాస్తున్నారట. ఆలోచన ఎవరిది, పరిశోధన ఎవరు చేశారు, లెక్కలు ఎవరు చూశారు అని. మీ విలేకరులు ఇకమీదట ఆ జాబితా కూడా చదివితే బాగుంటుంది.

వచ్చే ఏడు ఆగస్టు 20కి మళ్లీ ఎవరో ఒకరి గురించి వేస్తారు కదా. పేపర్లు ఎన్ని అన్నది ఒక లైనులో పెట్టండి, వద్దనను. తర్వాత ఆ శాస్త్రవేత్తనే ఒక పేపర్ ఎంచుకోమని, దాని గురించి కూర్చుని అడగండి. ఆ దోమలు ఎవరు పట్టారు, ఏ వేళప్పుడు, ఎన్ని ఇళ్లలో, ఎవరైనా రాని రోజులున్నాయా, ఏ గ్రాఫ్ మీద మీకే కాస్త అనుమానంగా ఉంది అని. నిజంగా పనిచేసినాయనైతే ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. మీకు అరపేజీ చాలదు.

ఆఖరుగా ఫోటో సంగతి. మలేరియా అయినా, బోదకాలైనా, డెంగీ అయినా మీ పత్రికలో ఒకటే దోమ బొమ్మ వస్తుంది, కాళ్ల మీద తెల్ల చారలున్న ఈడిస్. అది డెంగీకి సరే. మలేరియా మోసే అనాఫిలిస్ తల వంచి తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది, చూడగానే తెలుస్తుంది. ఈసారి ఎందుకో మార్చారు, సంతోషించాను. దగ్గరగా తీసిన మంచి ఫోటో, కింద "ప్రాణాంతక వ్యాధులను మోసుకొచ్చే దోమ" అని రాశారు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను. తల ముందు మీసాలు కుచ్చుల్లా, ఈకల్లా గుబురుగా ఉన్నాయి. అది మగదండీ. మగదోమ ఎవర్నీ కుట్టదు, పూల తేనె తాగి బతుకుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇన్‌సెక్ట్ కలెక్టర్,
ఫైలేరియా విభాగం